"నా ద్వారానే తప్ప": ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు

తెలుగు ఊళ్లలో చర్చి గోడల మీద, కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీద, ఆటోల వెనుక తరచుగా కనిపించే బైబిలు మాట ఒకటుంది: "నేనే మార్గమును, సత్యమును, జీవమును." గోడ మీద రాసేవారు చాలాసార్లు అక్కడితో ఆపేస్తారు. యోహాను సువార్త 14వ అధ్యాయం 6వ వచనం మాత్రం అక్కడ ఆగదు. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అని పూర్తవుతుంది. విశ్వాసికి గుండెనిబ్బరం ఇచ్చేదీ, పొరుగింటివారి మనసు నొప్పించేదీ ఆ మిగిలిన సగమే. అన్న గుడికి, తమ్ముడు చర్చికి వెళ్లే కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో తండ్రి చనిపోయిన రోజున ఈ వచనం సిద్ధాంతంగా మిగలదు. "నాన్న ఎక్కడికి వెళ్లాడు?" అనే ప్రశ్నగా మారి గడపలో కూర్చుంటుంది.

ఆ మాట పుట్టిన సందర్భాన్ని ముందుగా చూడాలి. మతాల మధ్య వాదంలో వచ్చిన మాట కాదది. సిలువకు ముందు రాత్రి, భోజనపు బల్ల దగ్గర, గురువు తమను విడిచి వెళ్లిపోతున్నాడని తెలిసి బెంబేలెత్తిన శిష్యులతో అన్న మాట. తండ్రి ఇంట్లో అనేక నివాసాలున్నాయని, మీకు చోటు సిద్ధం చేయడానికి వెళ్తున్నానని, ఆ దారి మీకు తెలుసునని యేసు చెబుతాడు. తోమా ఊరుకోలేదు. నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో తెలియదు, ఇక దారి ఎలా తెలుస్తుందని అడిగాడు. ఆరో వచనం ఆ ప్రశ్నకు జవాబు. దారి అడిగినవాడికి ఆనవాళ్లు చెప్పలేదు, పాటించవలసిన నియమాలు చెప్పలేదు. "నేనే" అన్నాడు. ఈ తోమాయే తరువాత భారతదేశానికి వచ్చాడని, మైలాపూరులో సమాధి అయ్యాడని మన దేశపు క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ సంప్రదాయం ప్రకారం చూస్తే, ఈ వచనానికి కారణమైన ప్రశ్న వేసిన మనిషే దాన్ని ఈ గడ్డకు మోసుకొచ్చాడు.

ఈ సందర్భాన్ని చూపించి, ఇది భయపడిన శిష్యులకు చెప్పిన ఓదార్పు మాత్రమేనని, ప్రపంచమంతటికీ వర్తింపజేయకూడదని కొందరు సర్దిచెబుతారు. ఆ సర్దుబాటు నిలబడదు. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో పేతురు ఇదే సంగతిని బహిరంగంగా, యూదుల మహాసభ ఎదుట నిలబడి చెప్పాడు: "ఈ నామముననే మనము రక్షణ పొందవలెను గాని, ఆకాశము క్రింద మనుష్యులలో ఇయ్యబడిన మరి ఏ నామమున రక్షణ పొందలేము." దీని వెనుక ఉన్న సంఘటన చిన్నది. శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గర పుట్టు కుంటివాడు ఒకడు బిచ్చమెత్తుకుంటున్నాడు. పేతురు అతని కుడిచెయ్యి పట్టుకుని లేపాడు. ఎవరి పేరున ఈ పని చేశారని అధికారులు నిలదీశారు. గ్రీకు మూలంలో ఆ కుంటివాడు బాగుపడ్డాడని చెప్పే తొమ్మిదో వచనంలోనూ, రక్షణ గురించి చెప్పే పన్నెండో వచనంలోనూ ఉన్నది ఒకే క్రియాపదం. తెలుగులో ఒకచోట స్వస్థత, మరొకచోట రక్షణ అనడంతో ఆ ముడి మనకు కనిపించదు. పేతురు చెప్పిన రక్షణ, లేచి నిలబడిన కాళ్లతో మొదలైంది.

ఇంతకూ "ఒక్కడే" అని ఎందుకు అంటారు? మతాలన్నిటినీ పక్కపక్కన పెట్టి తూచి, ఇది ఎక్కువ బరువు తూగిందని చెప్పడం వల్ల వచ్చిన మాట కాదు. క్రైస్తవ విశ్వాసం లెక్కలో మనిషి అసలు కష్టం అజ్ఞానం కాదు, పాపం. దేవుడితో తెగిపోయిన బంధం. దాన్ని మనిషి తనవైపు నుంచి అతకలేడు. తెగిన రెండు కొసలూ తనలోనే ఉన్నవాడు కావాలి. సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని 451లో ఖల్కెదోనులో కూడిన క్రైస్తవ సంఘ మహాసభ యేసును గురించి నిర్వచించింది ఈ ఆలోచనతోనే. తిమోతికి రాసిన మొదటి పత్రిక కూడా "దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే" అంటుంది. అవతారం ఒక్కసారే జరిగింది, బలి ఒక్కసారే జరిగింది, కాబట్టి మధ్యవర్తి ఒక్కడే. యేసు మంచి గురువు మాత్రమే అనుకుంటే ఈ "ఒక్కడే" అనే మాటకు అర్థమే ఉండదు. మంచి గురువులు ఎందరైనా ఉండవచ్చు.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక మాట అడ్డు వేస్తాడు: నదులన్నీ సముద్రంలో కలిసినట్టు దారులన్నీ ఒకచోటికే కదా? వినడానికి ఉదారంగా ఉన్నా, ఈ పోలిక అందరూ వెళ్లాలనుకుంటున్నది ఒకే చోటికి అని ముందే తేల్చేస్తుంది. తెలుగు బైబిలు ఎంచుకున్న "రక్షణ", మన సంప్రదాయంలోని "మోక్షం" ఒకటి కావు. మోక్షం అంటే జనన మరణ చక్రం నుంచి విడుదల. రక్షణ అంటే పాపక్షమాపణ, దేవుడితో సమాధానం, చివరికి శరీరంతో పునరుత్థానం. అద్వైతి కోరుకునే కైవల్యాన్ని క్రైస్తవుడు కోరుకోవడం లేదు. క్రైస్తవుడు ఎదురుచూసే పునరుత్థానం అద్వైతికి గమ్యమే కాదు. వేర్వేరు ఊళ్లకు టికెట్లు కొన్నవారితో మీరంతా ఒకే బస్సు ఎక్కారని చెప్పడం ఇద్దరినీ గౌరవించినట్టు కాదు.

మరో సంగతి. "ఇదొక్కటే దారి" అన్న మాట ఈ నేలకు పరాయిది కాదు. గుడిలో అభిషేకం జరిగేటప్పుడు వినిపించే పురుషసూక్తంలోనే "నాన్యః పంథా అయనాయ విద్యతే" అని ఉంది. వెళ్లడానికి మరో దారి లేదని దాని అర్థం. శ్వేతాశ్వతర ఉపనిషత్తు కూడా ఇదే మాట చెబుతుంది. జ్ఞానం వల్లనే మోక్షమని శంకరాద్వైతం గట్టిగా పట్టుబడుతుంది. భగవద్గీతలో "మామేకం శరణం వ్రజ" ఉండనే ఉంది. మరి ఈ మాటలు ఎవరినీ కలవరపెట్టవేం? వాటి వెనుక అనేక జన్మలున్నాయి కాబట్టి. ఈ జన్మలో దారి దొరకనివాడికి మరో జన్మ ఉంది, అది కాకపోతే ఇంకొకటి. క్రైస్తవంలో ఆ వెసులుబాటు లేదు. మనుషులు ఒక్కసారే మరణిస్తారు, ఆ తరువాత తీర్పు అని హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది. ఒకే దారి, ఒకే జన్మ, ఆపైన శాశ్వతమైన తీర్పు. ఈ మూడూ కలిసినప్పుడే ఆ వచనం గొంతు పట్టుకుంటుంది. చర్చలన్నీ మొదటిదాని చుట్టూ తిరుగుతాయి గానీ, అసలు బరువంతా రెండోదాని మీద ఉంది.

ఆ బరువును ఒక ఉత్తరంలో దగ్గరగా చూడవచ్చు. కథోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ జపానులో సువార్త ప్రకటించి తిరిగి వచ్చాక, 1552 జనవరిలో కొచ్చి నుంచి ఐరోపాలోని తన సహచరులకు రాశాడు. కొత్తగా క్రైస్తవులైన జపనీయులను ఒకే దిగులు పీడిస్తోందట. తమ తల్లిదండ్రులు, భార్యలు, పిల్లలు ఈ మాట వినకుండానే చనిపోయారు. వారి కోసం ప్రార్థిస్తే, దానధర్మాలు చేస్తే వారిని నరకం నుంచి తప్పించవచ్చా అని అడిగారు. కుదరదని జేవియర్ చెప్పాడు. వారు ఏడుపు ఆపుకోలేకపోయారు. తనకు ప్రియమైనవారు మందు లేని బాధతో అలా ఏడుస్తుంటే తనకూ దుఃఖం కలుగుతుందని ఆయన ఒప్పుకున్నాడు. జేవియర్ కఠినాత్ముడు కాడు. తాను నేర్చుకున్నది నిజాయితీగా చెప్పాడు. దాన్ని చెప్పడానికి ఆయనకే నోరు రాలేదని ఆ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ఆయన నేర్చుకున్నది ఎక్కడి నుంచి వచ్చింది? క్రైస్తవ సంఘానికి వెలుపల రక్షణ లేదన్న సూత్రం మూడో శతాబ్దపు కార్తేజు బిషప్పు కుప్రియానుది. ఆయన దాన్ని సువార్త విననివారిని ఉద్దేశించి రాయలేదు. సంఘం నుంచి చీలిపోయినవారు ఇచ్చే బాప్తిస్మం చెల్లుతుందా అనే గొడవలో, తెలిసి తెలిసి వేరుపడినవారి గురించి రాశాడు. వెయ్యేళ్లు గడిచేసరికి ఇంటివారికి చేసిన హెచ్చరిక లోకం మొత్తానికి శిక్షగా మారింది. 1442లో ఫ్లోరెన్సు మహాసభ వెలువరించిన శాసనం అన్యులు, యూదులు, చీలిపోయినవారు మరణానికి ముందు సంఘంలో చేరకపోతే నిత్యాగ్నికి పోతారని రాసింది. అప్పటి ఐరోపావారి ఊహలో సువార్త భూమి నలుమూలలా వినిపించేసింది. ఇంకా నమ్మనివాడంటే కావాలని నిరాకరించినవాడే అనుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్లకు కొలంబసు ఓడలు అమెరికా దీవుల ఒడ్డుకు చేరాయి. యేసు పేరు వినే అవకాశమే లేని జనం అక్కడ లక్షల్లో ఉన్నారు. ఫ్లోరెన్సు శాసనం కాళ్ల కింది నేల కదిలింది. 1539లో స్పెయిన్‌లోని సలమాంకాలో దైవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో ది వితోరియా, వినని సువార్తను నమ్మకపోవడం పాపం కాదని బోధించాడు. అది వారిని రక్షిస్తుందని ఆయన అనలేదు. అయినా ఒక తలుపు గడియ తీసినట్టయింది.

ఆ తలుపు దగ్గర అంతకు రెండు శతాబ్దాల ముందే ఒక కవి నిలబడ్డాడు. ఇటలీ మహాకవి డాంటే తన కావ్యంలోని స్వర్గఖండంలో వేసిన ప్రశ్న మన దేశం పేరుతోనే ఉంది. సింధు నది ఒడ్డున ఒకడు పుట్టాడు. అక్కడ క్రీస్తు గురించి చెప్పేవారు లేరు, రాసేవారు లేరు. అతని కోరికలూ చేతలూ మంచివే. బాప్తిస్మం లేకుండా చనిపోయాడు. అతన్ని శిక్షించే న్యాయం ఏ పాటిది? నమ్మకపోవడం అతని తప్పెలా అవుతుంది? కావ్యంలో దీనికి సూటి జవాబు రాదు. దేవుడి న్యాయాన్ని కొలవడానికి నీ చూపు చాలదనే మందలింపు వస్తుంది. దాని వెంటనే మాత్రం, "క్రీస్తు, క్రీస్తు" అని కేకలు వేసే ఎందరో తీర్పు రోజున క్రీస్తును ఎరుగనివాడికంటే ఆయనకు దూరంగా నిలుస్తారన్న హెచ్చరిక వినిపిస్తుంది. తరువాతి సర్గలో ఇద్దరు అన్యులు స్వర్గంలోనే కనిపిస్తారు.

ఇక్కడే వాక్యాన్ని రెండుగా విడదీయాలి. "యేసు వల్లనే రక్షణ" అన్నది ఒక మాట. "యేసును తెలుసుకుని నమ్మితేనే రక్షణ" అన్నది మరో మాట. మొదటిది రక్షించేవాడు ఎవరో చెబుతుంది. రెండోది రక్షణ పొందేవాడికి ఏమి తెలిసి ఉండాలో చెబుతుంది. ఈ రెంటినీ ఒకటిగా చదవడం వల్ల ప్రసంగికులూ విమర్శకులూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇవి వేరని చూపడానికి ఆధునిక పండితులు అక్కరలేదు, అబ్రాహాము చాలు. అతను దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడిందని పౌలు రోమీయులకు రాశాడు. అబ్రాహాముకు యేసు పేరు తెలియదు. అయినా అతను రక్షణ పొందలేదనే క్రైస్తవ శాఖ ఏదీ లేదు. అతనికి రక్షణ యేసు వల్లనే కలిగిందని అన్ని శాఖలూ చెబుతాయి. అంటే పేరు తెలియకుండానే ఆ పేరున్నవాడి వల్ల రక్షణ పొందడం సాధ్యమేనని బైబిలు చదివే ప్రతివాడూ ఇప్పటికే ఒప్పుకున్నాడు. మిగిలిన తగాదా అంతా ఈ వెసులుబాటు క్రీస్తుకు ముందువారికేనా, తరువాతివారికి కూడానా అన్నదాని గురించే. పసితనంలోనే చనిపోయే పిల్లల సంగతి కూడా ఇలాంటిదే. వారు దేన్నీ నమ్మే వయసులో లేరు. ప్రొటెస్టెంట్లలో అత్యంత కట్టుదిట్టమైనదని పేరున్న వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం సైతం, దేవుడు ఎన్నుకున్న శిశువులు, వాక్యం వినే స్థితిలో లేనివారు క్రీస్తు వల్ల రక్షణ పొందుతారని చెబుతుంది. అదే పత్రం, ప్రకృతి ఇచ్చిన వెలుగులో ఎంత శ్రద్ధగా బతికినా క్రైస్తవేతరులకు రక్షణ లేదని ఆ వెంటనే అంటుంది.

ఈ తేడాను గుర్తించిన గొంతులు మొదటి నుంచీ ఉన్నాయి. వివేకంతో జీవించిన సోక్రటీసు లాంటివారు క్రైస్తవులేనని రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిను రాశాడు. ప్రొటెస్టెంటు సంస్కర్త జ్వింగ్లి ఫ్రాన్సు రాజుకు పంపిన తన చివరి రచనలో, పరలోకంలో సోక్రటీసు, హెర్క్యులీసు కూడా కనిపిస్తారని రాస్తే, తోటి సంస్కర్త లూథరు మండిపడ్డాడు. కథోలిక సంఘంలో మార్పు నెమ్మదిగా వచ్చింది. 1863లో తొమ్మిదో పయస్ పోపు, తమ తప్పు లేకుండా సత్యాన్ని ఎరుగనివారి సంగతి వేరని రాశాడు. 1949లో ఈ విషయం బోస్టన్ నగరంలో బద్దలైంది. యేసు సభ అనే కథోలిక సన్యాస సమాజానికి చెందిన లియొనార్డ్ ఫీనీ అనే గురువు, కథోలికులు కానివారంతా నరకానికేనని బహిరంగంగా బోధించాడు. సంఘానికి వెలుపల రక్షణ లేదన్న సూత్రాన్ని సంఘం ఎలా అర్థం చేసుకుంటుందో అలాగే బోధించాలని, దేవుడి చిత్తానికి లోబడాలనే లోలోపలి కోరికకు కూడా విలువ ఉందని రోము ఉత్తరం పంపింది. పిలిచినా రోముకు వెళ్లనందుకు 1953లో ఆయనను సంఘం నుంచి వెలివేశారు. 1972లో మళ్లీ చేర్చుకున్నారు. అంతకుముందే, 1964లో రెండో వాటికన్ మహాసభ ఈ సంగతిని అధికారికంగా రాసేసింది: తమ తప్పేమీ లేకుండా సువార్తను ఎరుగక, నిష్కపటంగా దేవుణ్ణి వెదుకుతూ, మనస్సాక్షి చెప్పినట్టు కృప సాయంతో నడిచేవారు నిత్యరక్షణ పొందగలరు. అదే పత్రం, సంఘం అవసరమని ఎరిగి కూడా దూరంగా ఉండిపోయేవాడు రక్షణ పొందలేడని చెబుతుంది. తెలియనివాడి మీద భారం తగ్గింది, తెలిసినవాడి మీద పెరిగింది. దీన్ని తేలిక చేయడం అనుకోవడం పొరపాటు.

జర్మన్ దైవశాస్త్రవేత్త కార్ల్ రానర్ మరో అడుగు వేసి, ఇలాంటివారిని అజ్ఞాత క్రైస్తవులు అన్నాడు. ఆ పేరు చాలామందికి రుచించలేదు, అది న్యాయమే. హిందువుకు తన విశ్వాసం ఉంది, దానికొక పేరు ఉంది. అతనికి తెలియకుండా మరో పేరు తగిలించడం ఆదరణగా అనిపించదు. జపాను బౌద్ధ తాత్వికుడు నిషితాని, మరి మిమ్మల్ని అజ్ఞాత జెన్ బౌద్ధుడని పిలిస్తే ఎలా ఉంటుందని రానర్‌ను అడిగాడు. తప్పకుండా పిలవవచ్చని రానర్ జవాబిచ్చాడు. నిజాయితీ ఉన్న జవాబే గానీ చిక్కు తీరలేదు. ఇంకోవైపు బ్రిటిష్ తాత్వికుడు జాన్ హిక్ 1973లో మతాలన్నిటికీ కేంద్రం దేవుడే తప్ప యేసు కాదని వాదించాడు. పేతురు మాటను పక్కన పెడితే తప్ప అది కుదరదు. మతాల వెలుపల నిలబడిన పండితుడికి అది సాధ్యం కావచ్చు, ఆదివారం ఆరాధనకు వచ్చే విశ్వాసికి కాదు.

తెలుగువారి అనుభవంలో ఈ రెండు ప్రశ్నల తేడా పుస్తకాల్లో కంటే ముందు నది ఒడ్డున కనిపించింది. 1876లో మొదలైన మహా కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అక్కడ బోధ విన్నవారు, ఎక్కువమంది మాదిగలు, బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో కరువులో తేల్చలేమని, సాయం అందినన్నాళ్లూ ఆపాడు. రోజూ శవాలు లేస్తున్న కాలమది. బాప్తిస్మం లేనివాడికి రక్షణ లేదని నమ్మినవాడైతే నెలల తరబడి అలా ఆపగలిగేవాడా? బాప్టిస్టుల లెక్కలో రక్షించేది విశ్వాసం, బాప్తిస్మం దానికి సాక్ష్యం. అందుకే ఆయన ఆగగలిగాడు. సాయం పనులు ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున, నీళ్లలో నిలబడి ఇచ్చారు. అదే నదిలో దిగకముందు చనిపోయినవారి గురించి అక్కడి క్రైస్తవులు ఏమనుకోవాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ ప్రశ్నను మరో కోణంలో తిప్పిచూసినవాడు నెల్లూరులో పుట్టిన పాండిపెద్ది చెంచయ్య. వృత్తిరీత్యా న్యాయమూర్తి. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ సమ్మేళనం జరిగింది. డచ్చి పండితుడు హెన్‌డ్రిక్ క్రేమర్ ఆ సమ్మేళనం కోసం రాసిన గ్రంథంలో, క్రీస్తులో దేవుడు తన్ను తాను బయలుపరచుకోవడానికీ మానవ మతాలకూ మధ్య వంతెన లేదని వాదించాడు. చెంచయ్య, ఆయన మిత్రులు అదే ఏడాది తమ పుస్తకంతో జవాబు చెప్పారు. చెంచయ్య దృష్టిలో యేసు కొత్త సృష్టికి ఆరంభం, మానవజాతిలో అంతకుముందు లేని జీవం. కాబట్టి ఆయన విశిష్టతను చెంచయ్య రవ్వంత కూడా తగ్గించలేదు. ఆ జీవాన్ని అందుకోవడానికి పాశ్చాత్య సంఘవ్యవస్థలో చేరడం తప్పనిసరి అన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేదు. మొదటి ప్రశ్నకు గట్టి జవాబు, రెండోదానికి విశాలమైన జవాబు. తెలుగు చర్చిల్లో ఆయన పేరు ఈ రోజు ఎంతమందికి తెలుసునో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

విశాలమైన జవాబును ఒప్పుకోనివారు మూర్ఖులేమీ కారు. సువార్త ప్రకటనకు పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్ల (ఇవాంజెలికల్) ప్రపంచ నాయకులు 1974లో వెలువరించిన లౌసాన్ ఒడంబడిక, ప్రకృతి ద్వారా అందరికీ దేవుడి గురించి కొంత తెలుస్తుందని ఒప్పుకుని, అది రక్షించగలదనడాన్ని తోసిపుచ్చింది. వినకుండానే రక్షణ ఉంటే పౌలు దెబ్బలు తిని, ఓడ పగిలి, చెరసాలల్లో మగ్గి ప్రకటించడం ఎందుకని వారు అడుగుతారు. విననివాడు ఎలా నమ్ముతాడని రోమా పత్రిక పదో అధ్యాయం అడిగిన ప్రశ్న వారి పక్షానే ఉంది. దీనికి తేలికైన సమాధానం లేదు. కానీ ఎంత కట్టుదిట్టమైన సిద్ధాంతమైనా, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని పేరు పెట్టి చెప్పే అధికారాన్ని ఎవరికీ ఇవ్వలేదు. రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని ఒకడు అడిగితే యేసు లెక్క చెప్పలేదు. ఇరుకు ద్వారంలో ప్రవేశించడానికి మీరు పోరాడండి అన్నాడు. ఇతరుల గురించి అడిగిన ప్రశ్న అడిగినవాడి వైపే తిరిగింది. చావు ఇంట్లో పెట్టె పక్కన నిలబడి, చనిపోయినవాడు నమ్మలేదు కనుక ఎక్కడ ఉన్నాడో బంధువులకు వివరించే ప్రసంగికుడు, తన ప్రభువు నిరాకరించిన పనిని తాను చేస్తున్నాడు.

కొచ్చి నుంచి జేవియర్ రాసిన ఉత్తరానికి నాలుగు శతాబ్దాలు గడిచాక, 1968లో, కథోలికుల పూజలో కొత్త ప్రార్థనలు చేర్చారు. వాటిలో నాలుగో కృతజ్ఞతా ప్రార్థన బలిపీఠం దగ్గర మృతులను తలచుకునే చోట రెండు వరుసల్లో నడుస్తుంది. మొదట క్రీస్తు సమాధానంలో కన్నుమూసినవారు. ఆ తరువాత, తమ విశ్వాసం ఏమిటో దేవుడికి ఒక్కడికే తెలిసిన మృతులందరూ. ఆ ప్రార్థన జపాను భాషలోనూ ఉంది.